కాళ్లు మారిస్తే గురి కుదరదు

"బైపాడ్ మార్చు, గ్రూపు సగానికి తగ్గుతుంది."

రైఫిల్ పోటీల్లోకి కొత్తగా వచ్చిన ప్రతివాడి చెవిన పడే మొదటి సలహా ఇది. బైపాడ్ అంటే తుపాకీ ముందు భాగం కింద బిగించే రెండు కాళ్ల స్టాండు. పడుకొని కాల్చేవాడికి ముందువైపు బరువు మోసిపెట్టేది అదే. గ్రూపు అంటే ఒకే గురి మీద వరసగా కాల్చిన తూటాల రంధ్రాలు ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయన్న లెక్క. రంధ్రాలు చెదిరాయంటే తప్పు కాళ్లదేననీ, వంద డాలర్లది తీసేసి మూడొందలదో ఆరొందలదో బిగిస్తే గురి కుదురుతుందనీ ఇవాళ అందరూ నమ్ముతున్నారు. దుకాణం వాళ్లు చెబుతారు, తోటి ఆటగాళ్లు చెబుతారు, డబ్బు పోసి కొన్నవాళ్లు ఇంకా గట్టిగా చెబుతారు.

ఈ వాదం తప్పు. నేర్చుకునేవాడి చూపును అసలు లోపం మీంచి పక్కకు తిప్పేస్తుంది కాబట్టి హాని కూడా చేస్తుంది.

సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) చప్పుడు మధ్య బతికినవాడికి తుపాకీ కాళ్ల గురించి ఏం తెలుసని అడగొచ్చు. నాకు తెలిసింది యంత్రం. యంత్రం పని చెడగొడుతుంటే లోపం ఎక్కడుందో వెతకడం ముప్పై ఏళ్లు నేను చేసిన పని. వెతకకుండా కొనడం ఎంత నష్టమో కూడా నా చేతులతోనే నేర్చుకున్నాను.

అప్పుడు నేను కుర్రవాణ్ణి. మా కార్ఖానాలో ఒక సాంచె మీద బట్ట అక్కడక్కడ పలచబడి అడ్డగీతలతో వచ్చేది. పన్నె, అంటే పోగులను వరసలో పట్టి ఉంచే దువ్వెన, పాతబడిందని నలుగురూ అన్నారు. నేనూ నమ్మాను. రెండు వారాల కూలి పెట్టి కొత్త పన్నె తెచ్చి బిగించాను. గీతలు పోలేదు. అప్పుడు మా పెద్ద మేస్త్రి బట్టను నేల మీద పరిపించి, జేబులోంచి టేపు తీసి గీతకూ గీతకూ మధ్య దూరం కొలిచాడు. నాలుగు చోట్ల కొలిచినా ఒకటే కొలత. "చక్రం తిరిగినట్టు వస్తున్నది బిడ్డా, చక్రంల చూడు" అన్నాడు. బట్టను చుట్టే రోలరు పక్కన పళ్ల చక్రంలో ఒక పన్ను అరిగిపోయి ఉంది. చక్రం మార్చాం, బట్ట బాగుపడింది. కొత్త పన్నె మీద పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

లోపం ఏమిటో బట్టే చెబుతుంది. తుపాకీ గురిలో ఆ మాట చెప్పేది కాగితం మీది రంధ్రాలు. వాటిని చదవకుండా కాళ్లు మార్చేవాడు, అప్పట్లో నేను చేసిన పనే చేస్తున్నాడు.

మా అక్క కొడుకు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. సెలవు రోజుల్లో ఎఫ్-క్లాస్ అనే పోటీలకు వెళ్తాడు. ఎఫ్-క్లాస్ కెనడాలో పుట్టింది. భుజానికి పట్టీ చుట్టుకొని, చేతుల బలం మీద రైఫిల్‌ను నిలబెట్టే పాత పద్ధతి వయసు మీదపడ్డవాళ్లకు సాధ్యం కాక, జార్జ్ ఫర్కార్‌సన్ అనే షూటర్ ఆనుడు పెట్టుకొని కాల్చే పద్ధతి తెచ్చాడు. ఆయన ఇంటిపేరులోని మొదటి అక్షరమే ఆటకు పేరైంది. మా వాడు ఆడేది అందులో ఎఫ్-టీఆర్ అనే విభాగం. తూటా .308 గానీ .223 గానీ అయి ఉండాలి. ముందు ఆనుడు తుపాకీకి బిగించిన బైపాడే కావాలి. బైపాడ్‌తో కలిపి మొత్తం బరువు 8.25 కిలోలు దాటకూడదు. వెయ్యి గజాల దూరాన పది మార్కుల వలయం అడ్డంగా కొలిస్తే పది అంగుళాలు. దాని లోపల ఐదు అంగుళాల ఎక్స్ వలయం.

ఒక రాత్రి వాడు ఫోన్ చేశాడు. "మామా, కొత్త బైపాడ్ కొందామనుకుంటున్న. ఇది పెడితే గ్రూపు సగానికి తగ్గుతదంటున్నరు."

"ఇప్పుడున్నదానికి ఏమైందిరా?"

"ఏం కాలే. పాతది, అంతే."

పాతదన్న కారణం మా సాంచెలకు చాలదు. సిరిసిల్లలో అట్లా యంత్రాలు మారుస్తూ పోతే సాంచెలు నడిపే ఒక్క ఆసామీ మిగలడు. నేను వచ్చేదాకా ఏదీ కొనకు అని చెప్పాను. ఆ ఏడాది అక్క దగ్గరికి వెళ్లినప్పుడు వాడితో కలిసి వెయ్యి గజాల రేంజ్‌కు పోయాను.

వాడి బైపాడ్ హారిస్. కెంటకీలో తయారయ్యే, స్ప్రింగు కాళ్ల, సాదా వస్తువు. దాన్ని తుపాకీ మీద ఉండగానే పట్టుకొని, సాంచె భాగాన్ని చూసినట్టు కదిపి చూశాను. కాళ్లు గట్టిగానే ఉన్నాయి. తుపాకీకి దాన్ని పట్టి ఉంచే మర మాత్రం వదులైంది, వేళ్లతోనే పావు చుట్టు తిరిగింది. తుపాకీని కుడికీ ఎడమకూ వాల్చనిచ్చే కీలు బిగింపు అంతకన్నా వదులు. వాడు కాల్చినప్పుడల్లా పక్కన కూర్చొని చూశాను. తూటా పోయాక తుపాకీ ఎగిరి పడుతుంది, బోల్టు లాగి కొత్త తూటా ఎక్కిస్తాడు, ఆ లాగడంలో తుపాకీ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కాస్త ఒరుగుతుంది. ఒరిగిందని వాడికి తెలియదు, ఎందుకంటే మట్టం చూపే బుడగ గొట్టం దాని మీద లేదు. లక్ష్యం కాగితం తెప్పించి చూస్తే రంధ్రాలు పైకీ కిందికీ పెద్దగా చెదరలేదు. అడ్డంగా పరుచుకున్నాయి.

అడ్డంగా పరుచుకున్న రంధ్రాలు ఏం చెబుతాయి? లెక్క వేసి చూద్దాం. .308 తూటాను వెయ్యి గజాలకు చేర్చాలంటే, వంద గజాల గురితో పోలిస్తే గొట్టాన్ని ముప్పై ఎనిమిది నిమిషాల కోణం దాకా పైకి ఎత్తాలి. తుపాకీ ఒక్క డిగ్రీ పక్కకు వాలితే ఆ ఎత్తులో కొంత భాగం పక్కకు మళ్లుతుంది. వెయ్యి గజాల దగ్గర అది ఆరేడు అంగుళాలు. పది మార్కుల వలయానికి నడుమ నుంచి అంచుదాకా ఉన్నది ఐదు అంగుళాలే. అంటే ఒక్క డిగ్రీ వాలితే నడిబొడ్డున పడాల్సిన తూటా పది మార్కులు దాటి బయట పడుతుంది. ఆ వాలును ఆపేది కీలు బిగింపు, చూపించేది బుడగ గొట్టం. మొదటిదానికి ఒక్క పైసా ఖర్చు లేదు. రెండోదానికయ్యే ఖర్చు కొత్త బైపాడ్ ధర ముందు లెక్కలోకి రాదు.

మర బిగించాం. కీలు బిగించాం. బుడగ గొట్టం తెచ్చి పెట్టాం. అడ్డం తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. మిగిలింది గాలి.

గాలి విషయంలో బైపాడ్ వాదం పూర్తిగా మౌనం వహిస్తుంది. గంటకు పది మైళ్ల అడ్డగాలి .308 తూటాను వెయ్యి గజాల దగ్గర ఎనిమిది అడుగులకు పైచిలుకు పక్కకు తోస్తుంది. గాలి వేగాన్ని ఒక్క మైలు తప్పుగా అంచనా వేస్తే తొమ్మిది, పది అంగుళాల తేడా. పది అంగుళాల వలయంలో కాల్చేవాడికి పది అంగుళాల తప్పు! జెండా ఎటు ఊగుతోంది, ఎండలో కంటికి కనిపించే ఆవిరి అల ఏ దిక్కుకు పారుతోంది, నడిమధ్య గాలి ఎట్లా ఉంది, లక్ష్యం దగ్గర ఎట్లా ఉంది అని కళ్లకు నేర్పినవాడికే మార్కులు పడతాయి. ఆ చదువు ఏ కాళ్లలోనూ దొరకదు. కొత్త కాళ్ల ముచ్చటలో పడి ఆ చదువు వాయిదా వేసుకున్నవాడు ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోతాడు.

"నేను మార్చి చూశాను, గ్రూపు నిజంగానే తగ్గింది" అనేవాళ్లున్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఎన్ని తూటాలు కాల్చి చూశారన్నదే ప్రశ్న. మూడు తూటాలు కాల్చి, చిన్న గ్రూపు పడితే ఫొటో తీసి పదిమందికి చూపిస్తారు. అదే తుపాకీ, అదే మనిషి, అదే బైపాడ్‌తో మూడు తూటాల గ్రూపులు పది కాలిస్తే అన్నిటికన్నా చిన్నదానికీ పెద్దదానికీ రెండింతలకు పైగా తేడా రావడం మామూలు. ఎవరి ప్రమేయమూ లేకుండానే వచ్చే తేడా అది. గజం బట్ట చూసి తాను మొత్తం బాగుందనే వ్యాపారిని మేం నమ్మం. పాతదానితో ఇరవై, కొత్తదానితో ఇరవై, ఒకే రోజు, ఒకే తూటా, మార్చి మార్చి కాల్చి, మొత్తం రంధ్రాలు కొలిచి చూపండి. అప్పుడు మాట్లాడుకుందాం. ఆ పని చేసినవాళ్లు తక్కువ, సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువ.

ఇంకో వాదం విజేతలను చూపించేది. పెద్ద పోటీల్లో గెలిచేవాళ్లంతా వెడల్పు కాళ్ల ఖరీదైన బైపాడ్‌లే వాడతారు కాబట్టి మనమూ వాడాలంటారు. విజేతల చేతిలో ఉన్నది ఎందుకు ఉందో చూడాలి. ఎఫ్-టీఆర్ ఆటగాడు ఒకేచోట పడుకొని, ఒకే దూరానికి, వరసగా ఇరవై చొప్పున తూటాలు కాలుస్తాడు. కాళ్లు వెడల్పుగా పరిస్తే తుపాకీ పక్కకు ఒరగదు. ఇండోనేషియాలో సెబాస్టియన్ లంబాంగ్ అనే తయారీదారు చేసే సెబ్ జాయ్-పాడ్ ఈ ఆటలో పేరు తెచ్చుకుంది ఇందుకే. వెనక కడ్డీని కొద్దిగా కదిపితే గురి పైకీ పక్కకూ సన్నగా జరుగుతుంది, కాళ్లు నేల మీద జారి తిరిగి అదే చోటికి వస్తాయి. అది ఆ ఆటకు సరిపోయిన పనిముట్టు. దాన్నే తీసుకెళ్లి ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ పోటీలో పెట్టండి. అక్కడ ఒకటిన్నర, రెండు నిమిషాల్లో ఒక చెక్క అడ్డు మీంచి, ఒక డ్రమ్ము మీంచి, ఒక వాలు నేల మీంచి చోటు మారుతూ కాల్చాలి. వెడల్పు కాళ్లు అక్కడ కాళ్లకు అడ్డం పడతాయి. ఆ పోటీకి కెనడా కంపెనీ ఎండీటీ చేసే సీకై-పాడ్ లాంటిది అక్కరకొస్తుంది: కాళ్లు ఎత్తూ వెడల్పూ చకచకా మారతాయి, కింది పట్టీ మీద ముందుకూ వెనక్కూ జరుగుతాయి. దాన్ని ఎఫ్-టీఆర్‌కు తెస్తే, ఆ సౌకర్యాల్లో చాలావాటికి పని ఉండదు. పైగా 8.25 కిలోల హద్దులో బైపాడ్ తినే ప్రతి వంద గ్రాములూ గొట్టం బరువులోంచి పోవాలి. ఒక ఆటలో రాజు, ఇంకో ఆటలో బరువు. ధరల నిచ్చెన ఎక్కుతూ పోతే పై మెట్టు మీద గురి దొరుకుతుందన్న నమ్మకం ఇక్కడే కూలిపోతుంది.

బిగువు గురించి కూడా ఒక మాట. ఎంత కదలకపోతే అంత మంచి బైపాడ్ అని అందరూ అనుకుంటారు. పేరున్న అట్లాస్ బైపాడ్‌ను చేతిలో పట్టుకొని కదిపినా కాళ్లు కొద్దిగా ఆడతాయి. తుపాకీ వెనక పడుకొని భుజంతో ముందుకు మెల్లగా నెడితే ఆ కదలిక సర్దుకుంటుంది. ఇక్కడ లెక్కకు వచ్చేది ఆ నెట్టడం ప్రతి తూటాకూ ఒకేలా ఉందా అన్నదే. తూటా గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతుకు కాస్త పైన. ఆ కాస్తలో ఎనిమిది కిలోల తుపాకీ వెనక్కి జరిగేది దాదాపు ఒక మిల్లీమీటరు. ఆ మిల్లీమీటరు ప్రతిసారీ ఒకే దారిన జరగాలి. భుజం ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా ఆనిస్తే, తుపాకీ వెనక భాగం కింద సంచి ఒకసారి నిండుగా, ఒకసారి అణిగి ఉంటే, ఆరొందల డాలర్ల కాళ్లు ఉన్నా రంధ్రాలు పైకీ కిందికీ చెదురుతాయి.

నేల సంగతి ఎవరూ మాట్లాడరు. కాంక్రీటు మీద రబ్బరు అడుగులు ఎగురుతాయి. మెత్తటి మట్టిలో ఇనుప ముళ్లు దిగబడి పట్టుకుంటాయి. చాప మీద, గడ్డి మీద, కంకర మీద ఒక్కోచోట ఒక్కో తీరు. తుపాకీని జారనివ్వాలనుకునేవాడికి నున్నటి అడుగులు కావాలి, నెట్టి ఆపాలనుకునేవాడికి పట్టే అడుగులు కావాలి. ఆటగాడు కాల్చే పద్ధతికీ, కాల్చే నేలకూ సరిపోయిన అడుగులు మార్చుకోవడం చాలాసార్లు బైపాడ్ మొత్తం మార్చడం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఇదంతా చదివి, ఏ బైపాడైనా ఒకటేనని నేనంటున్నట్టు ఎవరూ అర్థం చేసుకోవద్దు. కాలు తాళం జారి కాల్చే మధ్యలో కూలే బైపాడ్ ఉంటే ఇవాళే తీసేయండి. కీలు ఎంత బిగించినా ఒరుగుతుంటే మార్చండి. మీ పోటీ ఎత్తుకు కాళ్లు అందక మెడ విరిగేలా పడుకోవాల్సి వస్తుంటే మార్చండి. పోటీ నియమాలు అనుమతించే వెడల్పు మీ దానికి లేకపోతే మార్చండి. మార్చేముందు ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పుకోండి: ఇది ఏ లోపాన్ని తీసేస్తుంది? పేరు పెట్టి చెప్పగలిగితే కొనండి. "మంచిది కాబట్టి" అన్నది సమాధానం కాదు. మంచి బైపాడ్ ఒక లోపాన్ని తీసేయగలదు. లేని నైపుణ్యాన్ని తెచ్చిపెట్టలేదు.

ఈ మాట అమెరికాలో ఉన్నవాడి కోసం మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మన దగ్గర కూడా ఈ వాదం పాకుతోంది. షూటింగ్‌లో మన పిల్లలు పతకాలు తెస్తుంటే సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో కూడా తల్లిదండ్రులు పిల్లల చేతికి ఎయిర్ రైఫిల్ ఇవ్వాలని ఆశపడుతున్నారు. ఆశ మంచిదే. దాని వెంటే వస్తువుల జాబితా వస్తుంది, అందులో బైపాడ్ కూడా ఉంటుంది. ఆ తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది: ఒలింపిక్స్‌లో, మన జాతీయ పోటీల్లో ఆడే పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బైపాడ్ వాడనివ్వరు. నిలబడి, అయిదున్నర కిలోల లోపు తుపాకీని సొంత ఒంటి మీద నిలిపి, అర మిల్లీమీటరు చుక్కను కొట్టాలి. అరవై తూటాలు. యాభై మీటర్ల రైఫిల్‌లో పడుకొని కాల్చేటప్పుడు కూడా ఆనుడు భుజానికి చుట్టిన పట్టీదే. తుపాకీ బరువును చేతులతో మోయలేని దివ్యాంగ క్రీడాకారులకు మాత్రం ఎస్‌హెచ్-2 విభాగంలో స్ప్రింగు స్టాండు ఇస్తారు. ఆ స్ప్రింగు ఎంత బిగువుగా ఉండాలో కూడా నియమాలే చెబుతాయి. అది వాళ్ల హక్కు.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 మార్కులతో కాంస్యం తెచ్చాడు. రజతానికీ ఆయనకూ తేడా 0.4. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది. చాచిన ఒక్క చేతిలో పిస్తోలు, దానికి ఏ ఆనుడూ లేదు. వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ కూడా హైదరాబాద్‌వాడే. బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌తో స్వర్ణాలు కొట్టాడు. ఈ ముగ్గురి వెనకా మంచి పరికరాలున్నాయి, కాదనను. ఆ పరికరాల జాబితాలో బైపాడ్ లేదు.

"అభినవ్ బింద్రాకు ఇంట్లోనే రేంజ్ ఉండేది, డబ్బు లేకుండా ఈ ఆట లేదు" అని కొందరు నిట్టూరుస్తారు. బింద్రా పరికరాల విషయంలో ఎంత పట్టుదల చూపేవాడో అందరికీ తెలుసు. 2008 బీజింగ్ ఫైనల్‌కు ముందు ఆ బింద్రాకే తుపాకీ గురి చెడి కనిపించింది. సన్నాహక తూటాల్లోనే పసిగట్టి, గురి సరిచేసుకొని, ఫైనల్‌లో 104.5 కొట్టి 700.5తో స్వర్ణం గెలిచాడు. ఆ నిమిషంలో ఆయన్ను కాపాడింది తూటా పడ్డ చోటు చూసి లోపం పట్టగలిగిన కన్ను. ఆ కన్ను కొన్నది కాదు, వేల గంటల సాధన ఇచ్చింది.

మా ఊరివాళ్లకు ఈ సంగతి మరొకరు చెప్పనక్కర్లేదు. అప్పు తెచ్చి కొన్న యంత్రం ఇంటిని మింగిన రోజులు సిరిసిల్ల చూసింది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు మన ఊరివాడు. ఆ చీర పుట్టింది పడుగు బిగువు ఎంతో, పేక ఎక్కడ తెగబోతుందో తెలిసిన వేళ్లలో. మన పిల్లలకు మొదట ఆ వేళ్లు ఇవ్వాలి. వస్తువు తర్వాత వస్తుంది, అవసరం దాని పేరు చెప్పినప్పుడు.

తిరిగొచ్చేముందు మా పెద్ద మేస్త్రి నాకిచ్చిన టేపును మా మేనల్లుడి చేతిలో పెట్టాను. ప్రతి కాగితాన్నీ కొలువు, అడ్డం ఎంత, నిలువు ఎంత రాసిపెట్టు అని చెప్పాను. బైపాడ్ అదే ఉంచాడు. నాలుగు నెలలకు ఫోన్ వచ్చింది. "మామా, ఇప్పుడు అడ్డం తగ్గింది గానీ నిలువు చెదురుతున్నది. భుజం ఒక్కతీరుగ ఆనుతలేనట్టున్న."

గ్రూపు సగమైందని వాడు చెప్పలేదు. నేనూ అడగలేదు. లోపానికి పేరు పెట్టడం వాడికి వచ్చింది. ఇక ఏది కొన్నా, ఎందుకు కొంటున్నాడో తెలిసే కొంటాడు.